ఉప్పునీటి ట్యాంకులో చేపలు కొట్టుకుంటుంటే ఏం చేయాలి

కొత్త చేపను వదిలిన కాసేపటికే గొడవ మొదలవుతుంది. అప్పటిదాకా బుద్ధిగా తిరుగుతున్న పాత చేప ఉన్నట్టుండి రెక్కలు విప్పుకుని మీదికి దూకుతుంది. కొత్తది రాళ్ల సందులో దూరి బయటికి రాదు. చూస్తున్న మనకు టెన్షన్. బెంగళూరులోనో చెన్నైలోనో ఉండేవాళ్లయితే మర్నాడు షాపుకు తీసుకెళ్లి మార్చుకుంటారు. అనంతపురంలో అంత సులువు కాదు. ఇక్కడ గోల్డ్‌ఫిష్, గప్పీ, ఫ్లవర్‌హార్న్ కావాలంటే తేలిగ్గా దొరుకుతాయి గానీ, ఉప్పునీటి చేప అంటే ఎక్కువమంది బెంగళూరు నుంచి తెప్పించుకోవాల్సిందే. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. తిరిగి ఇవ్వాలన్నా అంతే దూరం.

అందుకని గొడవను ఇంట్లోనే తీర్చుకోవడం తెలిసి ఉండాలి. నేను చెప్పేది ఒకటే: చేపను మార్చాలని అనుకునే ముందు దాని జాగాను మార్చి చూడండి. సముద్రంలో పగడపు దిబ్బల దగ్గర బతికే చేపల్లో చాలావాటికి సొంత గుహ, దాని చుట్టూ కొంత హద్దు ఉంటాయి. తిండి, నిద్ర, గుడ్లు అన్నీ ఆ హద్దులోనే. అక్కడ ఓడిపోయిన చేప ఈదుకుంటూ దూరంగా వెళ్లిపోతుంది. నాలుగడుగుల గాజు పెట్టెలో వెళ్లడానికి చోటేదీ? ఇది అచ్చం పొలం గట్టు తగాదా. ఎవరూ చెడ్డవాళ్లు కాకపోవచ్చు, గట్టు ఎక్కడో తేలకపోవడమే అసలు చిక్కు.

ముందు లైటు ఆపండి

ట్యాంకులో చెయ్యి పెట్టకండి, వల అసలే పెట్టకండి. ముందు ట్యాంకు లైటు ఆపేయండి, గదిలో వెలుతురు కూడా తగ్గించండి. మసక చీకట్లో పగటి చేపలు సాధారణంగా తమ సందుల్లోకి వెళ్లిపోతాయి, తరుముకోవడం ఆగుతుంది. మీకూ ఆలోచించుకునే టైము దొరుకుతుంది. అప్పుడు వల వేసి వెంటపడితే ముందు అలిసిపోయేది దెబ్బలు తిన్న చేపే.

మర్నాడు లైటు వేశాక కుర్చీ కాస్త దూరంగా వేసుకుని కూర్చోండి. గాజుకు ముఖం ఆనించి చూస్తే ఏమీ తెలియదు. మనిషి దగ్గరికొస్తే తిండి వేస్తారనుకుని చేపలన్నీ ముందుకొచ్చేస్తాయి, గొడవ అప్పటికి ఆగిపోతుంది. వెనక్కి జరిగి పావుగంట కదలకుండా కూర్చుంటే అసలు సంగతి బయటపడుతుంది.

తరమడం వేరు, చంపడం వేరు

ఒక చేప ఇంకో చేపను జానెడు దూరం తరిమి వెనక్కి తిరిగి తన చోటికి వచ్చేసిందంటే కంగారు పడొద్దు. అది హద్దు చూపిస్తోంది. రెండు మూడు రోజుల్లో ఎదుటిది ఆ హద్దు నేర్చుకుంటుంది, గొడవ తగ్గిపోతుంది. ట్యాంకు ఈ చివర నుంచి ఆ చివరకు తరిమి, దాక్కున్నా వదలకుండా సందు ముందు కాపలా కాస్తుంటే మాత్రం అది వేరే వ్యవహారం. అలాంటిది దానంతట అది సర్దుకోవడం అరుదు.

దెబ్బలు తింటున్న చేపను పోల్చుకోవడానికి ఒక గుర్తు ఉంది. అది పైన ఒక మూలకు చేరి, హీటరు వెనకో ఫిల్టరు పైపు వెనకో ఒదిగి, తల కొంచెం పైకెత్తి అక్కడే నిలబడి ఉంటుంది. రంగు వెలిసిపోయి ఉంటుంది. తిండి వేసినప్పుడు మిగతావన్నీ ఎగబడుతుంటే అది మాత్రం చూస్తూ ఉంటుంది గానీ కదలదు. ఒక మెతుకు దాని ముందుకే కొట్టుకొచ్చినా, ముందు పక్కకు చూసి ఆ తర్వాతే నోరు తెరుస్తుంది. ఆ చూపు ఒక్కసారి గమనించారంటే ఇక పొరబడరు.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఒక్క చేప పైకి చేరితే బెదిరింపు అనుకోవచ్చు. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది గొడవ కాదు, నీళ్లలో ఆక్సిజన్ తగ్గింది. కరెంటు పోయి పంపులు ఆగినప్పుడు, మే నెల మధ్యాహ్నాల్లో ఇదే జరుగుతుంది. అప్పుడు చేయాల్సింది బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు పెట్టడం. దాన్ని ముందే కొని ఇంట్లో ఉంచుకోండి.

షాపులవాళ్లు నీమో అని అమ్మే క్లౌన్‌ఫిష్ జంట విషయంలోనూ చాలామంది పొరబడతారు. చిన్నది పెద్దదాని ముందు ఒక పక్కకు ఒరిగి, ఒళ్లంతా ఫిట్స్ వచ్చినట్టు వణికిస్తుంది. చూసినవాళ్లు జబ్బో దెబ్బో అనుకుని విడదీసేస్తారు. అది లొంగిపోయానని చెప్పడం. క్లౌన్‌ఫిష్ అన్నీ మొదట మగవిగానే ఎదుగుతాయి. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదవుతుంది, ఆ తర్వాతది దాని జోడీ మగది. ఆడది పోతే ఆ మగదే ఆడదిగా మారుతుంది. ఒకసారి ఆడదిగా మారాక తిరిగి మగది కాదు. కాబట్టి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి, లేదా రెండూ బాగా చిన్నవి తీసుకోండి. సమానంగా ఎదిగిన రెండు పెద్దవాటిని తెచ్చి ఒకే ట్యాంకులో వేస్తే రెండూ ఆడవే అయి ఉండొచ్చు. అప్పుడు నేను చెప్పే ఉపాయాలేవీ పనిచేయవు, రెండింటినీ విడదీయాల్సిందే.

రెక్కల అంచులు చిరిగినా, పొలుసులు లేచిపోయినా, ఒకరోజంతా తిండి ముట్టకపోయినా ఇక ఆగకండి. దెబ్బలు తిన్న చేప ఒంటిపై ఉప్పు రవ్వల్లాంటి తెల్లచుక్కలు కనబడితే అది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. ఒత్తిడిలో ఉన్న చేపలకు అది తొందరగా పట్టుకుంటుంది. దానికి వైద్యం వేరే తొట్టిలో చేయాలి. అసలు ట్యాంకులో రాగి మందు పోస్తే రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి.

బయటికి తీయాల్సింది కొట్టేదాన్ని

జాలిపడి అందరూ దెబ్బలు తిన్నదాన్ని తీస్తారు. దాన్ని తీసి, గాయాలు మానాక మళ్లీ వేస్తే, పాతది అదే హద్దులో ఇంకా బలంగా కూర్చుని ఉంటుంది. కథ మళ్లీ మొదటికొస్తుంది. కొట్టేదాన్ని తీసి వారం పది రోజులు దూరంగా ఉంచితే ఆ లోపల మిగతావి దాని జాగాను పంచుకుంటాయి. తిరిగొచ్చేటప్పటికి అది కొత్తగా వచ్చిన చేప. చాలావాటిలో ఆ పొగరు సగం దిగిపోతుంది. దెబ్బలు తిన్నది మరీ నీరసపడి, ఊపిరి ఎగబీలుస్తుంటే మాత్రం ముందు దాన్నే తీసి కాపాడుకోండి. అప్పుడు సిద్ధాంతాలు పక్కన పెట్టొచ్చు.

పట్టుకోవడం ఎలా అంటే, రాళ్లన్నీ పీకి వల వేయడం కన్నా సీసా వల మేలు. రెండు లీటర్ల నీళ్ల సీసా తీసుకోండి, కూల్‌డ్రింకు సీసా అయితే వాసన పోయేదాకా కడగండి. సబ్బు వద్దు. మెడ కిందుగా, సీసా వెడల్పయ్యే చోట కోసి, ఆ గరాటు లాంటి ముక్కను తిరగేసి మూతి లోపలికి ఉండేలా అమర్చండి. అంచులు పదునుగా ఉంటే గరుకు కాగితంతో రుద్దండి. చేప వెడల్పు చూసి మూతిని కోసి పెద్దది చేయాలి. వేడి సూదితో ఒళ్లంతా బెజ్జాలు పెడితే నీళ్లు ఆడతాయి, తిండి వాసనా బయటికి పాకుతుంది. అడుగున ఒక శుభ్రమైన గులకరాయి, మెడకు ఒక నైలాన్ దారం. ఇనుప తీగ మాత్రం వాడకండి, ఉప్పునీళ్లలో తుప్పు పడుతుంది.

సీసాను ట్యాంకులో పెట్టిన రోజే పట్టేయాలని చూడొద్దు. రెండు రోజులు తిండి కొంచెం దాని మూతి దగ్గర, కొంచెం లోపల వేయండి. పెత్తనం చేసే చేపకు ధైర్యం ఎక్కువ కదా, మొదట దూరేది సాధారణంగా అదే. లోపలికి వెళ్లి తిని తిరిగి రావడం అలవాటయ్యాక, మూడో రోజు పొద్దున ఆకలి మీద ఉన్నప్పుడు తిండి పూర్తిగా లోపలే వేసి, దారం పట్టుకుని కూర్చోండి. దూరగానే ఆదరాబాదరాగా లాగొద్దు. మూతి పైకి తిరిగేలా నిదానంగా ఎత్తండి.

టాంగ్ జాతి చేపలకు తోక మొదట్లో రెండు పక్కలా బ్లేడు లాంటి ముల్లు ఉంటుంది. వలలో చిక్కుకుంటుంది, చేతికి తగిలితే తెగుతుంది. వాటిని వలతో కాకుండా ప్లాస్టిక్ డబ్బాతో ముంచి తీయండి. ఫాక్స్‌ఫేస్, లయన్‌ఫిష్ ముళ్లలో విషం ఉంటుంది. చేత్తో పట్టుకునే ఆలోచనే పెట్టుకోవద్దు. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చోటును ముంచి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పట్టుకున్నదాన్ని ఉంచడానికి 40 లీటర్ల ప్లాస్టిక్ తొట్టి చాలు. తిండి పదార్థాలకు వాడే రకం, కొత్తది కొనండి. బట్టలు నానబెట్టిన బకెట్టు వద్దు. నీళ్లు అసలు ట్యాంకులోవే తీసుకోండి. స్పాంజి ఫిల్టరు, హీటరు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క, పైన జాలీ మూత. స్పాంజిని ముందు నుంచే సంప్‌లో, అంటే ట్యాంకు కింద ఉండే ఫిల్టరు తొట్టిలో ఉంచుకుంటే, చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా విషాన్ని తినే బ్యాక్టీరియా అందులో పట్టి ఉంటుంది, అవసరమైన రోజు పనికొస్తుంది. లేకపోతే రోజూ అమ్మోనియా టెస్టు చేస్తూ నీళ్లు మార్చాలి. ఉప్పునీళ్ల పీహెచ్ ఎక్కువ కాబట్టి అమ్మోనియా మంచినీళ్లలో కన్నా ఎక్కువ విషంగా పనిచేస్తుంది.

ఎండాకాలం సంగతి

మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటుతుంది. ట్యాంకు నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటితే చేపల ఒంట్లో అన్నీ జోరందుకుంటాయి, ఆకలీ ఆక్సిజన్ అవసరమూ పెరుగుతాయి. అదే సమయంలో వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. చలికాలమంతా కలిసిమెలిసి ఉన్న చేపలు ఎండాకాలంలో కొట్టుకుంటుంటే ముందు థర్మామీటరు చూడండి.

నీళ్లను చల్లబరిచే మిషను, చిల్లరు, కొనే స్తోమత ఉంటే మంచిదే. లేకపోతే నీళ్ల మీదికి గాలి తగిలేలా ఒక చిన్న ఫ్యాన్ పెట్టండి. ఈ విషయంలో అనంతపురం పొడి గాలి మనకు వరం. చెన్నై లాంటి చోట గాలిలో తేమ వల్ల ఫ్యాన్ అంతగా పనిచేయదు. ఇక్కడ రెండు మూడు డిగ్రీలు సులువుగా తగ్గుతుంది. దాని ఖర్చు నీళ్ల రూపంలో కట్టాలి. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది. 200 లీటర్ల ట్యాంకులో 10 లీటర్లు ఎగిరిపోతే లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు దాదాపు 37కు చేరుతుంది. తగ్గిన నీళ్లకు బదులు ఉప్పునీళ్లు పోస్తే ఇంకా పెరుగుతుంది. మంచినీళ్లే పోయాలి, అదీ రోజూ కొంచెం కొంచెంగా. నీళ్ల సాంద్రతను బట్టి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరులో 1.025, 1.026 దగ్గర నిలపండి.

బోరు నీళ్లు పోయకండి. ఆర్‌ఓ ప్లాంటు నుంచి తెచ్చే 20 లీటర్ల క్యాన్ అయినా, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూసుకున్నాకే. సున్నాకు ఎంత దగ్గరుంటే అంత మంచిది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నీళ్లు బాగాలేని ట్యాంకులో గొడవలు తీర్చడం అయ్యే పని కాదు.

రాళ్లు మార్చండి

ఇదే అసలు పని. కొట్టే చేప తొట్టిలో ఉండగా చేయాలి.

చాలా ట్యాంకుల్లో రాళ్లను వెనక గాజుకు ఆనించి గోడలా పేర్చేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ గోడకు ముందు భాగమంతా ఒకే మైదానం. ఒక మూలన ఉన్న చేపకు రెండో మూల దాకా అంతా కనిపిస్తుంది. కనిపించినంత మేరా తనదే అనుకుంటుంది. ఆ గోడను పడగొట్టి రెండు దిబ్బలుగా పేర్చండి. రెండింటికీ మధ్య ఒక జానెడు ఖాళీ ఉండాలి, ఒకటి ఎత్తుగా, ఒకటి పొట్టిగా. మీరు ట్యాంకు ఎడమ చివర తల ఆనించి చూస్తే కుడి చివర అడుగు కనబడకూడదు. ఆ లెక్క కుదిరేదాకా రాళ్లు జరుపుతూ ఉండండి.

ప్రతి గుహకూ రెండు దారులు పెట్టండి. ఒకే దారి ఉన్న సందులో చేప దాక్కుంటే, తరిమేది బయట నిలబడితే చాలు, లోపలిది ఆకలితో చావాల్సిందే. రాయి కింద వేలు దూర్చి అటువైపు బయటికొస్తుందో లేదో చూస్తే సరిపోతుంది. సన్న సందులు కొన్ని, వెడల్పువి కొన్ని ఉండాలి. చిన్న చేప దూరగలిగి పెద్దది దూరలేని సందు ఒక్కటున్నా ప్రాణం నిలుస్తుంది.

పెత్తనం చేసిన చేప ఏ రాయి దగ్గర ఉండేదో ఆ రాయిని తప్పనిసరిగా జరపండి. వీలైతే ట్యాంకు రెండో చివరకు మార్చి, తలకిందులుగా పెట్టండి. తిరిగొచ్చాక ఆ చేప తన ఇంటి కోసం వెతుక్కుంటూ సగం రోజు తిరుగుతుంది, ఆ సగం రోజు మిగతావాటికి దొరికినట్టే. ఇసుకను మాత్రం అడుగంటా కెలకొద్దు. పేరుకున్న మురికి పైకి లేచి అమ్మోనియా పెరుగుతుంది.

రాళ్ల గురించి ఇంకో మాట. తాడిపత్రి బండ, కడప బండ మనకు చవగ్గా దొరుకుతాయి కదా అని ముక్కలు తెచ్చి లోపల పేర్చేవాళ్లు ఉన్నారు. ఆ రాళ్లలో ఏ ఖనిజాల చారలున్నాయో పైకి తెలియదు, పైగా నున్నటి బండకు బెజ్జాలు ఉండవు కాబట్టి బ్యాక్టీరియాకు పట్టు దొరకదు. వాటిని స్టాండు కింద వేసుకోండి, అక్కడ బాగా పనికొస్తాయి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంకులో నిండా పోస్తే 250 లీటర్లు పడతాయి. రాళ్లు, గాజు కలిపి 300 కిలోలు దాటుతుంది. లోపలికి మాత్రం అక్వేరియం కోసం చేసిన సిరామిక్ రాళ్లు వాడండి. సముద్రం నుంచి తీసిన పగడపు రాయి ఇస్తామని ఎవరైనా చెబితే వద్దనండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలూ సముద్రపు గుర్రాలూ మన దేశంలో రక్షిత జీవులు.

తిండి రెండు చోట్ల

ఒకే చోట వేస్తే బలమైనది అక్కడే కాపు వేస్తుంది. రెండు చివర్లా ఒకేసారి వేయండి, ఇంట్లో ఇంకొకరి సాయం తీసుకోండి. రోజుకు ఒక్కసారి ఎక్కువగా వేసేకన్నా మూడుసార్లు కొంచెం కొంచెం మేలు. టాంగ్‌లకు, ఫాక్స్‌ఫేస్‌కు ఉప్పు నూనెలు కలపని నోరి ఆకును (ఎండబెట్టిన సముద్రపు నాచు) రెండు క్లిప్పులతో రెండు గాజులకు పెట్టండి. గడ్డకట్టిన మైసిస్ రొయ్యలు ఇక్కడ దొరక్కపోతే మార్కెట్లో తాజా రొయ్య కొని, పెంకు తీసి, ఆర్‌ఓ నీళ్లలో కడిగి, గింజలంత ముక్కలుగా తరిగి ఫ్రీజరులో పెట్టుకోండి. వంటింట్లో ఎవరైనా పసుపు పూసేలోపే మీ వాటా పక్కకు తీసుకోవాలి.

తిరిగి కలపడం

వారం పది రోజులు గడిచి, ట్యాంకులో ఉన్న దెబ్బలు తిన్న చేప ధైర్యంగా బయట తిరుగుతూ తిండి తింటోందంటే కలపొచ్చు. కొట్టే చేపను నేరుగా వదలకూడదు. ముందు ట్యాంకులోనే ఒక పారదర్శకమైన పెట్టెలో ఉంచాలి. అక్రిలిక్ పెట్టెలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వద్దనుకుంటే ప్లాస్టిక్ సామాన్ల కొట్లో సన్న బెజ్జాల బుట్ట కొని, పైన మూత కట్టి వేలాడదీసినా పని జరుగుతుంది. లోపల ఒక పైపు ముక్క, నీళ్లు ఆడేలా పంపు వైపుకు ముఖం. కొత్త చేపను తెచ్చినప్పుడూ ఇదే పద్ధతి. కాకపోతే దాన్ని అంతకుముందు నాలుగు వారాలైనా విడి తొట్టిలో ఉంచి, జబ్బేమీ లేదని చూసుకోవాలి.

పెట్టెలో ఎన్ని రోజులు అని అడుగుతారు. రోజులు లెక్కపెట్టకండి, నడత చూడండి. మొదటి రోజు బయటివి, లోపలిది గాజు మీద ముక్కులు కొట్టుకుంటాయి. పక్కకు తిరిగి తోక ఆడిస్తాయి, రెక్కలు నిక్కబొడుస్తాయి. తర్వాత తర్వాత పెట్టె ముందు నుంచి పట్టించుకోకుండా వెళ్లిపోవడం మొదలవుతుంది. అలా రెండు రోజులు వరసగా ఉండి, లోపలిది తిండి బాగా తింటుంటే వదలొచ్చు. వారం దాటినా గాజు మీద అదే పనిగా దాడి చేస్తుంటే వదలొద్దు.

వదిలే రోజు సాయంత్రం అందరికీ కడుపు నిండా తిండి పెట్టండి. లైటు ఆపిన అరగంటకు, ఎక్కువ సందులున్న దిబ్బ వైపు పెట్టెను వంచితే చేపే బయటికి వెళ్లిపోతుంది. మర్నాడు లైటు ఆలస్యంగా వేయండి. సెలవు రోజు ముందు రాత్రి ఎంచుకుంటే మర్నాడు కనిపెట్టుకుని ఉండొచ్చు.

టాంగ్‌ల విషయంలో అద్దం బాగా పనిచేస్తుంది. ట్యాంకు ఒక పక్క గాజుకు బయటి వైపు అద్దం ఆనించండి. పాత టాంగ్ దాంట్లో తన నీడను చూసి ఇంకో చేప అనుకుని దానితోనే గొడవ పెట్టుకుంటుంది, కొత్తదానికి ఊపిరాడుతుంది. రోజంతా ఉంచొద్దు, అది కూడా అలిసిపోతుంది. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు, అదీ మొదటి నాలుగైదు రోజులే.

ఇంతకీ ఏ చేపలు తెస్తున్నారు?

షాపులవాళ్లు మొదట అంటగట్టేది డామ్సెల్. చవక, గట్టి చేప, నీలం రంగులో మెరిసిపోతూ ఉంటుంది. వేలెడంత ఉన్న ఆ చేపే ఆర్నెల్లకు ట్యాంకుకు పెత్తందారు. నల్లటి ఒంటి మీద మూడు తెల్లచుక్కలుండే డామినో డామ్సెల్ అయితే అయిదు అంగుళాల దాకా పెరిగి, చుక్కలు వెలిసిపోయి, మీ వేలును కూడా కొరుకుతుంది. ట్యాంకు సైకిల్ చేయడానికి, అంటే కొత్త ట్యాంకులో అమ్మోనియాను తినే బ్యాక్టీరియాను పెంచడానికి, డామ్సెల్ వేయండని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. చేప లేకుండానే అమ్మోనియా చుక్కలు వేసి సైకిల్ చేయొచ్చు.

ఒకే ఆకారం, ఒకే రంగు, ఒకే తిండి. ఈ మూడింట్లో ఎన్ని కలిస్తే గొడవ అంత ఎక్కువ. రెండు టాంగ్‌లు, రెండు మరుగుజ్జు ఏంజెల్‌లు నాలుగడుగుల ట్యాంకులో వద్దు. బ్లూ టాంగ్ అడుగు దాకా పెరుగుతుంది, దానికి ఆరడుగుల ట్యాంకైనా ఉండాలి. పిల్లలు అడిగారని కొనేముందు అది గుర్తుంచుకోండి. సిక్స్‌లైన్ రాస్ చిన్నదే, కానీ తర్వాత వచ్చే ప్రతి చిన్న చేపనూ వేధిస్తుంది. గ్రీన్ క్రోమిస్ శాంతంగా ఉంటుందని గుంపుగా తెస్తారు. నెలలు గడిచేకొద్దీ వాటిలో అవే బలహీనమైనదాన్ని ఏరి చంపుకుంటూ పోవడం తరచూ జరిగేదే.

ఊదా, పసుపు రంగులు సగం సగం ఉన్న చేప చూపించి రాయల్ గ్రామా అంటే దగ్గరగా చూడండి. గ్రామాకు ఊదా రంగు పసుపులోకి చుక్కలు చుక్కలుగా కలిసిపోతుంది, పై రెక్క ముందు భాగంలో ఒక నల్లచుక్క ఉంటుంది. రెండు రంగులూ గీత గీసినట్టు విడిపోయి ఉంటే అది రాయల్ డాటీబ్యాక్, పొట్టి రౌడీ. రెండింటి నడతకూ ధరకూ చాలా తేడా.

వేసే వరసలో బెదురు చేపలు ముందు. ఫైర్‌ఫిష్, గోబీ, కార్డినల్ లాంటివి మొదట, అవి తమ గుహలు చూసుకున్నాక బ్లెన్నీ, క్లౌన్ జంట, ఆ తర్వాత ఏంజెల్, అన్నిటికన్నా చివర టాంగ్. ఫైర్‌ఫిష్ బెదిరితే గాల్లోకి ఎగురుతుంది, ట్యాంకుకు జాలీ మూత లేకపోతే పొద్దునకు నేల మీద ఉంటుంది. క్లౌన్‌లు కొనేటప్పుడు హేచరీలో పుట్టినవే అడగండి. తమిళనాడు మండపంలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం వీటిని హేచరీలో పెంచే పద్ధతులు ఎప్పుడో అభివృద్ధి చేసింది. అలా పుట్టినవి ట్యాంకు బతుకుకూ పొడి మేతకూ అలవాటుపడి ఉంటాయి.

ఏం చేసినా కుదరకపోతే

రెండుసార్లు విడదీసి, రాళ్లు మార్చి, పెట్టెలో ఉంచి కలిపినా అదే వరస అయితే ఆ చేపను ఇచ్చేయండి. ట్రిగ్గర్, పెద్ద డామ్సెల్ లాంటివి విడిగా ఒక్కటే ఉండే ట్యాంకులో హాయిగా బతుకుతాయి, అలాంటి ట్యాంకున్నవాళ్లు దొరికితే ఇంకా మంచిది. దొరక్కపోతే బెంగళూరు షాపే దిక్కు. ముందే ఫోన్ చేసి వెనక్కి తీసుకుంటారో లేదో కనుక్కోండి. డబ్బు తిరిగి రాదు, మహా అయితే ఇంకో చేపకు కొంత తగ్గిస్తారు.

బయల్దేరే ముందు రోజు నుంచి తిండి ఆపండి, లేకపోతే సంచిలో నీళ్లు పాడవుతాయి. కవర్లు రెండు ఒకదానిలో ఒకటి వేసి, మూడో వంతు ట్యాంకు నీళ్లు, మిగతాది గాలి. ముళ్ల చేప అయితే కవరు వద్దు, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా వాడండి. దాన్ని థర్మాకోల్ పెట్టెలో పెట్టి, టేపు వేయండి. చీకట్లో చేప కదలకుండా ఉంటుంది. ఎండాకాలంలో పగటి బస్సు వద్దు. తెల్లవారుజామున బయల్దేరితే ఎండ ముదిరేలోపు, షాపు తెరిచే వేళకు చేరుకుంటారు.